గుణిస్తే తిరిగే సంఖ్యలు

ఇంటర్మీడియట్‌లో సంకీర్ణ సంఖ్యల్ని గుణించమంటే బ్రాకెట్లు విప్పి, ఐ స్క్వేర్ వచ్చిన చోటల్లా మైనస్ ఒకటి వేసుకుంటూ పోతాం. జవాబు వస్తుంది. ఏం జరిగిందో మాత్రం కనబడదు. కనబడాలంటే మాప-ఆయామ రూపంలోకి వెళ్లాలి.

3 + 4ఐ అంటే గ్రాఫు కాగితం మీద కుడికి 3, పైకి 4 వెళితే వచ్చే బిందువు. దాన్నే మూలబిందువు నుంచి 5 దూరంలో, సుమారు 53.13 డిగ్రీల కోణంలో ఉందనీ చెప్పొచ్చు. ఆ దూరం మాపం, ఆ కోణం ఆయామం. ఇలా రాసుకున్న సంఖ్యల్ని గుణించాలంటే మాపాల్ని గుణించి, కోణాల్ని కూడితే చాలు. మాపం 2, కోణం 30 ఉన్నదాన్ని మాపం 3, కోణం 40 ఉన్నదానితో గుణిస్తే మాపం 6, కోణం 70. భాగహారంలో మాపాన్ని మాపంతో భాగించి, కోణంలోంచి కోణం తీసేయాలి. సున్నాతో మాత్రం భాగించలేం: దాని మాపం సున్నా, దానికసలు కోణమే లేదు.

గుణకారం మధ్యలోకి కూడిక ఎలా వచ్చింది? దీన్ని నాకు తెలిసినంతలో అందరికంటే చక్కగా చెప్పింది ఒక సర్వేయరు. నార్వేలో పుట్టిన కాస్పర్ వెసెల్ డెన్మార్క్ పటాల కోసం భూమి కొలిచేవాడు. పొడవులు, కోణాలే ఆయన ఉద్యోగం. 1797లో డేనిష్ అకాడమీకి సమర్పించిన వ్యాసంలో ఆయన పట్టుకున్న సూత్రం ఇది: 1 నుంచి గుణకం ఎలా వచ్చిందో, గుణ్యం నుంచి లబ్ధం అలాగే రావాలి. 1ని నాలుగింతలు చేస్తే 4 వచ్చింది, కాబట్టి 3ను 4తో గుణించడమంటే దాన్నీ నాలుగింతలు చేయడం. గీతలకూ అదే న్యాయం. 1 అనే గీతను మూడింతలు సాగదీసి 40 డిగ్రీలు తిప్పితే మన గుణకం వచ్చింది. గుణ్యాన్నీ అలాగే సాగదీసి తిప్పాలి. అది అప్పటికే 30 దగ్గరుంది, మరో 40 తిరిగి 70కి చేరింది.

మైనస్ ఒకటి అంటే 180 డిగ్రీల తిప్పు. రెండుసార్లు తిప్పితే బయల్దేరిన చోటికే వస్తాం. మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ ఎందుకని అడిగితే బడిలో రూలంటే రూలే అన్నారు, కారణం ఇంత చిన్నది! మరి రెండుసార్లు తిప్పితే 180 అయ్యే తిప్పు ఏది? 90 డిగ్రీలు. అదే ఐ.

వెసెల్ వ్యాసం 1799లో డేనిష్‌లో అచ్చయింది, దాదాపు వందేళ్లు ఎవరి కంటా పడలేదు. ఈలోగా 1806లో పారిస్‌లో ఆర్గాండ్ అనే ఆయన సొంతంగా ఇదే ఆలోచనకు వచ్చాడు. సంకీర్ణ సంఖ్యల్ని బిందువులుగా చూపే పటానికి ఆర్గాండ్ పేరే నిలిచింది. సర్వేయరుకు అన్యాయం జరిగిందనే అంటాను.

ఈ లెక్కకు అసలైన గిరాకీ కరెంటుతో వచ్చింది. ఏసీ సర్క్యూట్లకు సంకీర్ణ సంఖ్యలు వాడే పద్ధతిని 1893 నుంచి స్టైన్‌మెట్జ్ అనే ఇంజినీరు తోటివాళ్లకు అలవాటు చేశాడు. మన ఇళ్లకొచ్చే 230 వోల్టులకు ఒక తీగచుట్ట తగిలించామనుకోండి. దాని రెసిస్టెన్స్ 30 ఓమ్‌లు, రియాక్టెన్స్ 40. మొత్తం అడ్డు 30 + 40ఐ, అంటే మాపం 50, కోణం 53.13. 230ని దీనితో భాగిస్తే 4.6 ఆంపియర్లు, కోణం మైనస్ 53.13. ఆ మైనస్ కోణానికి అర్థం వోల్టేజీ కంటే కరెంటు వెనకబడిందని. 50 హెర్ట్జ్‌లో ఒక చుట్టు 20 మిల్లీసెకన్లు కాబట్టి ఆ ఆలస్యం సుమారు 2.95 మిల్లీసెకన్లు. ఒకే భాగహారంలో ఎంత కరెంటో, ఎంత ఆలస్యమో రెండూ తేలాయి.

అయితే రెండు చుట్టల్ని వరసగా కలిపితే వాటి అడ్డుల్ని కూడాలి. అక్కడ మాప-ఆయామ రూపం పనికిరాదు, మళ్లీ 30 + 40ఐ లాంటి రూపంలోకి రావాల్సిందే. ఇంజినీరింగ్ పిల్లల కాలిక్యులేటర్ల మీద ఒక రూపం నుంచి మరో రూపానికి మార్చే పోల్, రెక్ అని రెండు ఫంక్షన్లు ఉండేది ఇందుకే.