‘వరకు’నా? ‘లోపు’నా?

“ఒకటి నుండి పది వరకు లెక్కింపుము” అన్నచో మన బాలురు పదిని విడువరు. “పది లోపు” అన్నచో తొమ్మిదితో ఆగుదురు. తమిళుల ‘వరై’, కన్నడిగుల ‘వరెగె’ మన ‘వరకు’నకు చుట్టములే. సందేహము కలిగినచో మనుష్యుడు అడిగి తెలిసికొనును, కంప్యూటరు అడుగదు. కావున దానికి ఆజ్ఞలిచ్చు భాషలను కల్పించినవారు చివరి సంఖ్య లోపలిదో వెలుపలిదో ముందే నిర్ణయింపవలసి వచ్చినది. ఈ చిన్న విషయమున వారికి నేటికిని ఏకాభిప్రాయము లేదు.

1957లో వెలువడిన ఫోర్ట్రాన్ భాష ‘వరకు’ పక్షము. 1, 10 అని వ్రాసినచో పదియు చేరును. అయితే నాడు వాడుకలో హద్దును పని చేసిన పిదపనే పరీక్షించెడివారు. అందుచే 1 నుండి 0 వరకు అన్నను యంత్రము పనిని ఒకమారు చేసియే ఆగెడిది. తరగతికి ఎవ్వరును రాని దినమున సైతము ఒక విస్తరి వడ్డించినట్లే కదా! ఎన్ని మారులో ముందే లెక్కించు నియమముతో ఫోర్ట్రాన్ 77 దీనిని సవరించినది.

1982లో డచ్చి పండితుడు ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా మొదటిదానిని చేర్చి చివరిదానిని విడుచుటయే మేలని వాదించెను. 2 మొదలు 12 వరకు గల సంఖ్యలను “2 మొదలు 13 లోపు” అని వ్రాయుదము. 13లో 2 తీసివేయగా 11, సంఖ్యలును పదకొండే. తరువాతి వరుసను 13తో మొదలిడినచో నడుమ ఏదియు జారిపోదు, ఏదియు రెండుమారులు రాదు. “5 మొదలు 5 లోపు” అన్నచో ఏమియు లేదని స్పష్టము. పైథాన్ భాషది ఈ మార్గమే. ఈ వాదము బలమైనదని మేమును తలంతుము. అయినను ‘వరకు’నకు అలవడిన బాలుడు మొదట పదవ సంఖ్య కొరకు వెదకుకొనక తప్పదు. రూబీ భాషలో మూడు చుక్కలు పెట్టినచో చివరి సంఖ్య తొలగును, స్విఫ్ట్ భాషలో అవే మూడు చుక్కలకు చేరును!

అడుగు భిన్నమైనచో చిక్కు మరింత పెరుగును. యంత్రము సాధారణముగా భిన్నములను రెండు అంకెల పద్ధతిలో దాచుకొనును. మన దశాంశములలో మూడవ వంతు ఎట్లు తెగదో, ఆ పద్ధతిలో పదవ వంతు అట్లే తెగదు. సున్నకు 0.1 పదిమారులు కలిపినచో 1 రాక 0.9999999999999999 వచ్చును. అది 1కి లోపే గనుక, “1 లోపు” నడువుమన్న యంత్రము పది అడుగులకు బదులు పదునొకండు వేయును. పైథాన్ తన వరుసలలో భిన్నపు అడుగును అంగీకరింపకపోవుట మాకు సబబుగానే తోచుచున్నది. 0 మొదలు 10 లోపు పూర్ణసంఖ్యలను లెక్కించి, ప్రతిదానిని 10తో భాగించినచో సరిగా పది విలువలే వచ్చును.