సెకండ్ హ్యాండ్‌లో పవర్‌ఫుల్ ఎస్‌యూవీ కొన్నారా? పికప్ పెంచే పని తర్వాత.. ముందు బ్రేకుల సంగతి చూడండి!

కొత్తగా కొనాలంటే అందనంత ధర పలికే పెద్ద ఎస్‌యూవీలు, కొన్నేళ్లు తిరిగాక యూజ్డ్ కార్ల మార్కెట్‌లో బాగా తగ్గిన ధరకే కనిపిస్తుంటాయి. యాక్సిలరేటర్ మీద కాలు పెడితే చాలు దూసుకెళ్లే బండి, ఎత్తైన సీటింగ్, రోడ్డు మీద ఆ దర్పం.. ఇంకేం కావాలి? అందుకే చాలామంది ఎగబడి కొంటున్నారు. కొన్న వారం తిరక్కుండానే ఇంజిన్ రీమ్యాప్, పెద్ద అలాయ్ వీల్స్, సౌండ్ వచ్చే ఎగ్జాస్ట్ అంటూ లిస్ట్ రాసుకుంటారు.

ఆ లిస్ట్‌లో చాలాసార్లు కనిపించనివి ఒక్క బ్రేకులే. నిజానికి మొదటి లైన్‌లో ఉండాల్సింది అవే. ఎందుకో, ఏ ఆర్డర్‌లో ఏం చేయించుకోవాలో సింపుల్‌గా చూద్దాం.

బరువు, వేగం.. అసలు లెక్క ఇదీ

బ్రేక్ వేస్తే బండి ఊరికే ఆగిపోదు. పరుగెత్తే బండిలోని శక్తి అంతా దాదాపుగా బ్రేక్ డిస్కుల దగ్గర వేడిగా మారాలి. వేగం రెట్టింపైతే ఆ శక్తి రెట్టింపు కాదు, నాలుగు రెట్లు అవుతుంది. ఇక్కడే చాలామంది లెక్క తప్పుతారు.

2,300 కిలోల ఎస్‌యూవీని ఉదాహరణగా తీసుకుందాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో దాని శక్తి సుమారు 3.2 లక్షల జౌల్స్. అదే 120కి చేరితే దాదాపు 12.8 లక్షల జౌల్స్. ఇది ఎంత వేడి అంటే.. మామూలు నీళ్లు నాలుగు లీటర్లకు పైగా మరిగే స్థాయికి తేవడానికి సరిపోతుంది. అంత వేడిని కొద్ది సెకన్లలోనే నాలుగు డిస్కులు మింగాలి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద స్పీడ్ లిమిట్ 2023లో 120కి పెరిగింది కాబట్టి, ఇది రేసింగ్ ట్రాక్ లెక్క కాదు. మన రోడ్డు లెక్కే.

కంపెనీలకు ఈ విషయం బాగా తెలుసు. 2016లో మన దేశంలో లాంచ్ అయిన జీప్ గ్రాండ్ చెరోకీ ఎస్‌ఆర్‌టీనే చూడండి. 6.4 లీటర్ల వీ8 ఇంజిన్ పెట్టిన కంపెనీ, దానికి తగ్గట్టు బ్రెంబో బ్రేకులు కూడా ఇచ్చింది. ముందు చక్రాలకు ఆరు పిస్టన్ల కాలిపర్లు, వెనక నాలుగు పిస్టన్లవి. అంటే పవర్ పెంచినప్పుడు ఆపే శక్తిని కూడా పెంచింది. మనం బయట రీమ్యాప్ చేయించుకుని పాత బ్రేకులతోనే తిరిగితే, కంపెనీ చేసిన లెక్కలో సగం మాత్రమే కాపీ కొట్టినట్టు.

డ్రైవింగ్ సీట్లో కూర్చునే చేయగల టెస్టులు

కొనే ముందు, లేదా కొన్న వెంటనే ఈ చిన్న పరీక్షలు చేసుకోండి. పది నిమిషాల పని.

1. ఇంజిన్ ఆఫ్ చేసి బ్రేక్ పెడల్‌ను నాలుగైదు సార్లు నొక్కండి. పెడల్ గట్టిపడ్డాక కాలు అలాగే ఉంచి ఇంజిన్ స్టార్ట్ చేయండి. పెడల్ కాస్త కిందికి దిగాలి. దిగకపోతే బూస్టర్ లేదా దాని వాక్యూమ్ లైన్‌లో సమస్య ఉన్నట్టే లెక్క.

2. ఇంజిన్ ఆన్‌లో ఉండగా పెడల్‌ను ఒకే బలంతో అర నిమిషం నొక్కి పట్టండి. నెమ్మదిగా కిందికి జారిపోతుంటే మాస్టర్ సిలిండర్ లోపలో, ఇంకెక్కడైనానో లీకేజీ ఉందని అనుమానించాలి. ఆ బండిని అలాగే రోడ్డెక్కించొద్దు.

3. ఖాళీ రోడ్డు మీద, వెనక ఎవరూ లేరని చూసుకుని, తక్కువ స్పీడ్‌లో బ్రేక్ వేయండి. బండి ఒక పక్కకు లాగుతోందా? ఒక కాలిపర్ పట్టేసి ఉండొచ్చు. స్టీరింగ్ వణుకుతోందా? ముందు డిస్కుల మందం అన్నిచోట్లా ఒకేలా లేకపోవచ్చు. చాలామంది డిస్క్ వంగిపోయిందని అంటారు గానీ, ఎక్కువసార్లు అది వంకర కాదు. ప్యాడ్ మెటీరియల్ డిస్క్ మీద అక్కడక్కడా అంటుకోవడం, లేదంటే డిస్క్ ఎగుడుదిగుడుగా అరగడం.

4. ఓ పది కిలోమీటర్లు తిరిగి వచ్చాక, చక్రాన్ని ముట్టుకోకుండా దగ్గరగా చెయ్యి పెట్టి చూడండి. ఒక చక్రం దగ్గర మాత్రమే సెగ ఎక్కువగా తగులుతుంటే అక్కడ బ్రేక్ పూర్తిగా వదలడం లేదన్నమాట.

గ్యారేజీలో దగ్గరుండి చూసుకోవాల్సినవి

ప్యాడ్లు: కొత్త ప్యాడ్ మందం సాధారణంగా 10 నుంచి 12 మిల్లీమీటర్లు ఉంటుంది. 3 మిల్లీమీటర్లకు వస్తే మార్చేయాలి. లోపలి ప్యాడ్, బయటి ప్యాడ్ రెండూ చూడమని చెప్పండి. ఒకటి బాగా అరిగి ఇంకోటి కొత్తదానిలా ఉంటే, కాలిపర్ జరిగే స్లైడ్ పిన్నులు పట్టేశాయని అర్థం. అప్పుడు ప్యాడ్లు మార్చి పంపిస్తే సరిపోదు. పిన్నులు శుభ్రం చేసి వేడికి తట్టుకునే గ్రీజు పెట్టాలి.

డిస్కులు: ప్రతి డిస్క్ మీదా ఇంతకంటే పలచబడకూడదు అనే కనీస మందం ముద్రించి ఉంటుంది. కంటితో చూసి బాగానే ఉందంటే నమ్మొద్దు. మైక్రోమీటర్‌తో కొలవమనండి. పగుళ్లు, నీలం రంగు మచ్చలు ఉంటే ఆ డిస్క్ బాగా వేడెక్కిన చరిత్ర ఉన్నదే. డిస్కులైనా ప్యాడ్లైనా ముందు రెండూ కలిపి, లేదా వెనక రెండూ కలిపి మార్చాలి. ఒక్క పక్కే మారిస్తే బండి లాగుతుంది.

బ్రేక్ ఫ్లూయిడ్: ఎక్కువ మంది మర్చిపోయేది దీన్నే. ఈ ద్రవం గాల్లోని తేమను నెమ్మదిగా పీల్చుకుంటుంది. డాట్ 4 ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదన్నది ప్రమాణం. అందులో 3.7 శాతం నీరు చేరితే ఆ కనీస హద్దు 155 డిగ్రీలే. మరిగితే ఏమవుతుంది? లోపల ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవాన్ని నొక్కితే ఒత్తిడి చక్రానికి చేరుతుంది, ఆవిరిని నొక్కితే అదే నలుగుతుంది. పెడల్ మెత్తగా నేల దాకా వెళ్లిపోతుంది, బండి మాత్రం ఆగదు.

చాలా కంపెనీలు రెండేళ్లకోసారి ఈ ఫ్లూయిడ్ మార్చమంటాయి. యూజ్డ్ బండి విషయంలో సర్వీస్ రికార్డులో ఎంట్రీ కనిపించకపోతే మార్చలేదనే అనుకుని ముందు అది చేయించండి. ప్యాడ్లు, డిస్కులతో పోలిస్తే ఇది చాలా చవక పని.

హోసులు, టైర్లు: కాలిపర్ దగ్గరికి వెళ్లే రబ్బరు గొట్టాలపై పగుళ్లు, ఉబ్బు, తడి ఉంటే మార్చాల్సిందే. ఇక టైరు పక్కన చివర్లో ఉండే నాలుగంకెల కోడ్ చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. థ్రెడ్ బాగున్నా, ఏళ్లు గడిచి గట్టిపడిన టైరు రోడ్డును సరిగా పట్టుకోదు.

ఇంకో మాట. ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేక్ ఉన్న బండికి వెనక ప్యాడ్లు మార్చేటప్పుడు ముందు దాన్ని సర్వీస్ మోడ్‌లో పెట్టాలి. స్కానర్ లేకుండా పిస్టన్‌ను బలవంతంగా వెనక్కి తోస్తే మోటార్ దెబ్బతింటుంది. జర్మన్ ఎస్‌యూవీల్లో చాలావాటికి ప్యాడ్ అరుగుదల సెన్సార్ ఉంటుంది. డ్యాష్‌బోర్డ్‌పై వార్నింగ్ వచ్చిందంటే ఆ సెన్సార్ కూడా అరిగిపోయినట్టే. ప్యాడ్లతో పాటు దాన్నీ మార్చాలి.

అప్‌గ్రేడ్ చేయాలంటే ఈ ఆర్డర్‌లో వెళ్లండి

మొదటి మెట్టు: కంపెనీ ఇచ్చిన బ్రేకులను కంపెనీ ఇచ్చిన స్థితికి తీసుకురండి. పైన చెప్పినవన్నీ ఇందులోకే వస్తాయి. బ్రేకులు వీక్ అనుకునే చాలా బండ్లకు కావాల్సింది అప్‌గ్రేడ్ కాదు, ఈ రిపేరే.

రెండో మెట్టు: మంచి టైర్లు. బండిని చివరికి ఆపేది రోడ్డుకు తగిలే ఆ నాలుగు చోట్లే.

మూడో మెట్టు: ఫ్లూయిడ్, ప్యాడ్లు. డాట్ 5.1 ఫ్లూయిడ్ కనీస బాయిలింగ్ పాయింట్ కొత్తగా ఉంటే 260, తేమ చేరాక 180 డిగ్రీలు. అయితే మీ బండి ఓనర్స్ మాన్యువల్ ఏ రకం వాడమందో చూశాకే పోయించండి. పేరు దగ్గరగా ఉంది కదా అని డాట్ 5 మాత్రం పోయొద్దు. అది సిలికాన్ ఆధారిత ఫ్లూయిడ్, మిగతావాటితో కలవదు. ప్యాడ్ల విషయంలో రేసింగ్ ప్యాడ్ల జోలికి వెళ్లొద్దు. అవి బాగా వేడెక్కితేనే పట్టు ఇస్తాయి. పొద్దున్నే పిల్లల్ని స్కూల్‌కి దింపడానికి బండి తీసినప్పుడు, మొదటి సిగ్నల్ దగ్గర అవి చల్లగానే ఉంటాయి. రోడ్డు వాడకానికి చేసిన పర్ఫార్మెన్స్ ప్యాడ్లు చాలు.

నాలుగో మెట్టు: స్టీల్ అల్లిక ఉన్న హోసులు. పెడల్ నొక్కినప్పుడు ఇవి ఉబ్బవు కాబట్టి కాలి కింద పట్టు గట్టిగా తెలుస్తుంది.

చివరి మెట్టు: పెద్ద డిస్కులు, ఎక్కువ పిస్టన్లు ఉండే బిగ్ బ్రేక్ కిట్.

మరి బిగ్ బ్రేక్ కిట్ వేస్తే బండి తొందరగా ఆగదా?

ఒక్కసారి గట్టిగా వేసే బ్రేక్‌లో పెద్దగా తేడా రాకపోవచ్చు. మీ పాత బ్రేకులు ఇప్పటికే ఏబీఎస్ పనిచేసేంత బలంగా పట్టేస్తుంటే, హద్దు టైరు దగ్గర ఉంది. బ్రేక్ దగ్గర కాదు. పెద్ద డిస్క్ అసలు లాభం వేడిని తట్టుకోవడంలో ఉంది. మళ్లీ మళ్లీ గట్టిగా బ్రేక్ వేసినా పట్టు సడలదు.

పైగా కిట్ ముందు చక్రాలకే వేస్తే ముందు, వెనక బ్రేకుల మధ్య కంపెనీ చేసిన బ్యాలెన్స్ మారిపోవచ్చు. పిస్టన్ల సైజు మాస్టర్ సిలిండర్‌కు సరిపోకపోతే పెడల్ ఎక్కువ దూరం దిగుతుంది. వీల్ లోపల చోటు చాలదు కూడా. అందుకే మీ మోడల్ కోసమే తయారైన కిట్ తప్ప, వేరే బండి కాలిపర్లు తెచ్చి బిగించే ప్రయోగాలు వద్దు.

బరువైన పెద్ద అలాయ్స్‌తోనూ జాగ్రత్త. తిరిగే బరువు పెరిగితే దాన్ని ఆపే పని కూడా బ్రేకుల మీదే పడుతుంది.

కొత్త ప్యాడ్లు వేశాక ఇది మర్చిపోవద్దు

కొత్త ప్యాడ్లు డిస్క్‌తో కుదురుకోవడానికి టైమ్ పడుతుంది. ప్యాడ్ కంపెనీ ఇచ్చిన పద్ధతి ఉంటే అదే పాటించండి. మామూలుగా అయితే ఖాళీ రోడ్డుపై 60 నుంచి 15 కిలోమీటర్ల వేగానికి ఓ మాదిరి బలంతో ఎనిమిది, పదిసార్లు తగ్గించాలి. పూర్తిగా ఆపకూడదు. ఆ తర్వాత బ్రేక్ పెద్దగా వాడకుండా కొంతదూరం నడిపి చల్లారనివ్వాలి. వేడి మీద ఆపి పెడల్ నొక్కి ఉంచితే ప్యాడ్ మెటీరియల్ ఒకేచోట డిస్క్‌కు అంటుకుని, తర్వాత వణుకు మొదలవుతుంది.

చట్టం, ఇన్సూరెన్స్ సంగతేంటి?

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు, ఆర్సీలోని వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడే అవకాశం చట్టంలో ఉంది. అరిగిన భాగం తీసి అదే స్పెసిఫికేషన్ భాగం వేయడం మెయింటెనెన్స్ కిందికే వస్తుంది. రీమ్యాప్, బిగ్ బ్రేక్ కిట్ లాంటివైతే ముందుగా ఆర్టీవో ఆఫీసులో, ఇన్సూరెన్స్ కంపెనీలో అడిగి రాతపూర్వకంగా తెలుసుకోవడం మంచిది. క్లెయిమ్ రోజున తెలిస్తే లాభం ఉండదు.

ఘాట్ రోడ్డు దిగేటప్పుడు..

తిరుమల, శ్రీశైలం, మారేడుమిల్లి.. ఎక్కడైనా సరే, కొండ దిగేటప్పుడు బ్రేక్ మీద కాలు అలా ఆనించి ఉంచొద్దు. ఆటోమేటిక్ అయినా మాన్యువల్ మోడ్‌లోకి మార్చి తక్కువ గేర్‌లో దిగండి. ఇంజినే స్పీడ్‌ను పట్టి ఉంచుతుంది. మలుపుకు ముందు గట్టిగా బ్రేక్ వేసి స్పీడ్ తగ్గించి, వెంటనే వదిలేయండి. ఆ వదిలిన టైమ్‌లోనే డిస్కులు చల్లారతాయి.

కాలిన వాసన వచ్చినా, పెడల్ మెత్తబడినా, గట్టిగా నొక్కినా పట్టు తగ్గినట్టు అనిపించినా గేర్ ఇంకా తగ్గించి సేఫ్ ప్లేస్‌లో పక్కకు ఆపండి. డిస్కుల మీద నీళ్లు పోయొద్దు, పగుళ్లు రావొచ్చు. చల్లారాక పట్టు తిరిగి వచ్చినట్టు అనిపించినా, ఇంటికి చేరగానే మెకానిక్‌కు చూపించాల్సిందే.

120 కిలోమీటర్ల వేగంలో మీ బండి ఒక్క సెకనుకు 33 మీటర్లు వెళ్తుంది. అంటే ముందు ఏదో అడ్డొచ్చిందని గుర్తించి కాలు పెడల్ మీదికి తెచ్చేలోపే అంత దూరం అయిపోతుంది. ఆ తర్వాత మీ చేతిలో ఉండేది బ్రేకులే. రీమ్యాప్ కోసం పక్కన పెట్టిన డబ్బులో కొంత తీసి, ఈ వారమే ఫ్లూయిడ్, ప్యాడ్లు, డిస్కులు చెక్ చేయించండి.