పనల మీద వాన పడితే...

తుపాను కబురు రేడియోలో వినపడే సరికి తెనాలి, రేపల్లె చేలల్లో కొడవళ్ళు ఆడుతూనే ఉంటాయి. మనకు గాలివాన వచ్చేది కోతల వేళకే. 2023 డిసెంబర్ 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. చేలు నేలకొరిగాయి, పనలు నీట మునిగాయి, నానిన గింజ వెన్ను మీదే మొలకెత్తింది.

ముంపుకు తట్టుకొనే వరి రాలేదా అంటే వచ్చింది. ఒరిస్సా నాటు వరిలో ఉన్న ఆ గుణానికి మూలమైన జన్యువును శాస్త్రజ్ఞులు 2006లో గుర్తించారు. దానిని మన స్వర్ణలోకి ఎక్కించారు. ఆ పైరు నీళ్ళ కింద రెండు వారాల వరకు బతుకుతుంది. అయితే అది లేత పైరు సంగతి. పండిన చేనుకు దానివల్ల ఒరిగేదేమీ లేదు.

మనకు కావలసినవి వేరు. గాలికి పడని గట్టి దుబ్బు, తడిసినా కొన్నాళ్ళు మొలవని గింజ. ఈ రెండో గుణాన్ని నిద్రావస్థ అంటారు. బాపట్ల పరిశోధన కేంద్రం ఇచ్చిన సాంబమసూరి (బి.పి.టి. 5204) అన్నం రుచికి సాటి లేదు గాని, గాలికి ఇట్టే పడిపోతుంది. దిగుబడి ఎంతని అడిగే రైతు, నిద్రావస్థ ఎన్నాళ్ళని కూడా విత్తనం కొనేనాడే అడగాలి.

ఈలోగా చేను పడితే ముందు గట్లు తెంచి మురుగు తీయాలి. లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి వెన్నులు తడిసేలా చల్లితే మొలక ఆగుతుందని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. మొలక కనిపించాక కాదు, వాన తెరిపి ఇచ్చిన వెంటనే చల్లాలి.