మూపున మొలిచిన కొమ్ము

అచ్చుపడినదెల్ల సత్యమని నమ్ముట మానవునకు చిరకాలపు టలవాటు. ఈ యలవాటు బలమెంతటిదో తెలియగోరువారికి ఒక ఖడ్గమృగము కథ చాలునని మా యభిప్రాయము.

1514లో గుజరాతు సుల్తాను రెండవ ముజఫర్ షా పోర్చుగీసు గవర్నరగు అల్బుకర్కునకు ఒక ఖడ్గమృగమును కానుకగా నొసగెను. ఆయన దానిని తన రాజగు మాన్యుయేలునకు పంపగా, 1515 మే 20వ తేదీన అది లిస్బన్ రేవున దిగెను. దానిని గూర్చిన లేఖయు, ఒక రేఖాచిత్రమును జర్మనీలోని న్యూరెంబర్గు నగరమునకు చేరెను. ఆ నగరవాసియగు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ మహాచిత్రకారుడే. కాని యా జంతువును కన్నులార చూచి యెరుగడు. వినినదానికి ఊహ జోడించి, ఆ యేడే కొయ్యదిమ్మెపై బొమ్మ చెక్కించి అచ్చొత్తించెను. చర్మపు మడతలు అందు కవచపు రేకులైనవి. కాళ్లకు పొలుసులు మొలిచినవి. ముక్కుమీది కొమ్ము చాలదన్నట్లు మూపుపై మరియొక చిన్న కొమ్ము లేచినది.

అదే సంవత్సరమున ఆగ్స్‌బర్గు నగరమున హాన్స్ బుర్క్‌మైర్ అను చిత్రకారుడును ఆ మృగము బొమ్మను ముద్రించెను. అందు కవచము లేదు, మూపున కొమ్ము లేదు. ముంగాళ్ల బంధము సయితము కలదు. సత్యమునకు సన్నిహితమైన యా బొమ్మకు నేడు వియన్నాలోని ఆల్బెర్టీనా చిత్రశాలయందు ఒక్క ప్రతి మాత్రమే మిగిలియున్నది. డ్యూరర్ బొమ్మయన్ననో, ఆయన 1528లో గతించిన పిమ్మటను అదే దిమ్మెనుండి మరల మరల అచ్చుపడెను. 1551 మొదలు వెలువడిన తన జంతుశాస్త్ర గ్రంథమున గెస్నర్ పండితుడు దానినే ప్రతిచేయించి చేర్చెను. ఆ లేని కొమ్ము గ్రంథమునుండి గ్రంథమునకు ప్రయాణము చేయుచునే యుండెను.

నిజమైన మృగము గతి వేరు. మాన్యుయేలు దానిని పదవ లియో పోపునకు కానుకగా పంపగా, 1516 ఆరంభమున ఇటలీ తీరముచెంత ఓడ మునిగెను. సంకెళ్లలోనున్న జంతువు ఈదజాలక మరణించెను. బొమ్మను సరిచూచుకొనుటకు మూలము లేకపోయెను.

1741లో క్లారా యను మరియొక భారతీయ ఖడ్గమృగము హాలెండు చేరి, పలు దేశములలో ప్రదర్శింపబడెను. 1749లో ఊద్రీ యను ఫ్రెంచి చిత్రకారుడు దానిని చూచి నిలువెత్తు చిత్రము వ్రాసెను. ఇట్లు ప్రత్యక్ష దర్శనము లభించిన పిదపగాని పాతబొమ్మ పట్టు సడలలేదు.

డ్యూరరును నిందించుట మా యుద్దేశము కాదు. ఆయన చూడ వీలులేనిదానిని ఊహించెను. తరువాతివా రనేకులు చూడ నవసరమే లేదనుకొనిరి. ఈ రెండవ దోషమే పెద్దది. ప్రతుల సంఖ్య సాక్ష్యము కాజాలదు. ఈ సంగతిని అచ్చువేయువారును, చదువువారును సమముగా గుర్తుంచుకొనవలసి యున్నది.