మనీప్లాంటు పెంపకములోని మెలకువలు

మా యింటి కిటికీలో ఒక సీసా, అందులో ఒక మనీప్లాంటు తీగ ఏండ్ల తరబడి ఉండెడివి. ఎన్ని యేండ్లు గడచినను దాని ఆకు అరచేతిని మించలేదు. ఒకనాడు మా తల్లిగారు ఆ తీగనుండి ఒక ముక్క త్రుంచి, పెరటిలోని వేపచెట్టు మొదట గ్రుచ్చిరి. మూడు వానకాలములు గడచునప్పటికి అది చెట్టునంతను అల్లుకొని, విస్తరాకంతేసి ఆకులు వేసినది. అంచులు చీలిన ఆ ఆకులను చూచి, వచ్చినవారందరును ఇది వేరొక జాతి మొక్క యని తలచెడివారు. కాని రెండును ఒకే తీగ. ఈ భేదమునకు కారణము తెలిసికొన్నచో పెంపకములోని మెలకువలు చాలవరకు తెలిసినట్లే.

మనీప్లాంటు జన్మస్థానము పసిఫిక్ మహాసముద్రములో, తహితీ ప్రక్కనున్న మోరేఆ దీవి. శాస్త్రజ్ఞులు 1880లో దీనికి తొలిసారి పేరు పెట్టిరి. ఇప్పటి పేరు ఎపిప్రెమ్నమ్ ఆరియమ్. మన చేమ, కంద దీనికి దాయాదులు. ఇది పూయుట మిక్కిలి అరుదు. పూతకు అవసరమైన జిబ్బరెల్లిన్ అను పదార్థము దీనిలో తగినంత తయారగుట లేదనియు, అందుకు సంబంధించిన ఒక జన్యువు పనిచేయకపోవుటయే కారణమనియు 2016లో తెలిసినది. కావున మన యిండ్లలోని మనీప్లాంట్లు విత్తులనుండి మొలచినవి కావు. ఒకరి తీగనుండి మరియొకరు త్రుంచి తెచ్చుకొన్నవే. అడుగక తెచ్చినదే కలిసివచ్చునను నమ్మకము కూడ కొందరికి కలదు!

చెట్ల నడుమ ఈ తీగ మొదట నేలపై ప్రాకును. చెట్టు దొరకగానే కణుపులనుండి గాలివేళ్ళు వేసి, బెరడును పట్టుకొని పైకి పోవును. ఎక్కినకొలది కాండము లావగును, ఆకు పెద్దదగును. ఇరువది మీటర్ల యెత్తు వరకు ఎక్కగలదు. అప్పుడు ఒక్కొక్క ఆకు మీటరు పొడవు కూడ ఉండవచ్చును. ఆధారము లేక క్రిందికి వ్రేలాడినచో ఆకులు చిన్నవిగనే ఉండిపోవును. మన వరండాలో వ్రేలాడు తీగ, ఇంకను చెట్టును వెదకుకొనుచున్న తీగ యన్నమాట.

కాబట్టి ఇంటిలో పెద్ద ఆకులు కావలెనన్న తీగకు ముందుగా ఒక చెట్టు నీయవలెను. నాలుగైదు అడుగుల కఱ్ఱకు దట్టముగా కొబ్బరిపీచు చుట్టి, మొక్క నాటునప్పుడే కుండీలో నిలుపుడు. కణుపులు పీచుకు ఆనునట్లు తీగను నూలుదారముతో వదులుగా కట్టుడు. పీచుపై ప్రతిదినము కొంచెము నీరు చల్లుచున్నచో గాలివేళ్ళు దానిలోనికి చొచ్చుకొని పోవును.

రెండవది వెలుతురు. చెట్ల నీడలో పెరుగు తీగకు మధ్యాహ్నపుటెండ తగిలిన ఆకులు మాడును. చీకటి మూలలోనో, ఆకులపైని పసుపు చారలు తగ్గిపోవును. తూర్పు కిటికీ చెంత మంచి చోటు.

మూడవది నీరు. తోటమన్ను, చివికిన పశువుల ఎరువు, ఇసుక కలిపి నింపిన కుండీకి అడుగున రంధ్ర ముండితీరవలెను. వ్రేలిని మంటిలో గ్రుచ్చి చూచి, పైమన్ను ఆరినప్పుడే నీరు పోయవలెను. వేళ్ళకు నీటితోపాటు గాలియు కావలెను. ఎల్లప్పుడును బురదగా నున్నచో వేళ్ళు క్రుళ్ళి, ఆకులు పండుబారును. అది చూచి దప్పికయేమో యని మరికొంత నీరు పోయుట చాలమంది చేయు పొరపాటు. దప్పికచే చచ్చిన తీగలకంటె ఆదరముచే చచ్చినవే యెక్కువ.

సీసాలో పెంచువారికి ఒక ముఖ్యమైన మాట. డెంగీ జ్వరమును వ్యాపింపజేయు దోమ ఇట్టి నిలువ నీటియందే పెరుగును. గ్రుడ్డు పొదిగినది మొదలు రమారమి వారము పది దినములలో అది రెక్కలు వచ్చి యెగురును. గ్రుడ్లు సీసా లోపలి గోడకు అంటుకొని యుండును గనుక నీరు మార్చిన మాత్రమున చాలదు. వారమున కొకమారైనను నీరు పారబోసి, లోపలి గోడను రుద్ది కడుగవలెను. సీసా మూతికి దూది క్రుక్కుట ఇంకను మేలు.

పసిపిల్లలున్న యింట మరియొక జాగ్రత్త. పచ్చి చేమాకు గొంతు దురద పెట్టునట్లే, ఈ ఆకు నమలినను నోరు మండి, వాచును. సూదులవంటి కాల్షియం ఆక్సలేటు స్ఫటికములు దీనికి కారణము. పిల్లలు నమలినచో వెంటనే నోరు కడిగి, వాపుగాని ఊపిరి యాడకుండుటగాని కనిపించిన ఆలస్యము చేయక వైద్యుని కడకు తీసికొనిపోవలెను. కుక్కలకు, పిల్లులకు కూడ ఇది హానికరమే. త్రుంచిన ముక్కలను కాలువ గట్లపై పారవేయరాదు. పడినచోట నాటుకొని, పొరుగు మొక్కలను కప్పివేయు తీగ యిది.

తీగను పెంచజూచువారు కణుపుతో కూడిన ముక్కనే నాటవలెను. వట్టి ఆకునుండి క్రొత్త తీగ రాదు. ఈ వానకాలమున మీ కుండీలో ఒక కఱ్ఱ నిలిపి చూడుడు. క్రొత్త ఆకు పాతదానికంటె కొంచెము పెద్దదిగా విచ్చుకొన్ననాడు, తీగకు తన చెట్టు దొరకినదని మీకే తెలియును.