బుడ్డోని కాళ్లకు ఏ బండ?

కర్నూల్లో మా కూతురు ఇల్లు కడుతోంది. గోడలు లేచాయి, శ్లాబు పడింది, ఇప్పుడు నేల దగ్గర పంచాయితీ మొదలైంది. అల్లునికి చెక్క నేల మీద మోజు. ఏ సినిమాలో చూశాడో గానీ హాలంతా టేకు పలకలు పరిచినట్టు ఉండాలంటాడు. "ఇంట్లో కుక్కుంది, పిల్లుంది, చెక్క ఎట్ల ఆగుతుంది నాయనా?" అని మా కూతురు. ఎనిమిదో తరగతి చదివే మనవరాలు మధ్యలో దూరింది. "చెక్కలాగ కనిపించే టైల్స్ వచ్చినాయి కదా తాతా!" ఇంకేం, ముప్పై ఏళ్లు బడిలో సైన్సు చెప్పినోణ్ణి, నన్ను ఊరకే కూచోనిస్తారా? షాపుకు లాక్కుపోయారు.

ఆ ఇంటి అసలు యజమాని బుడ్డోడు. నంద్యాల చెక్‌పోస్టు కాడ వానలో తడుస్తూ దొరికిన కుక్కపిల్ల. ఇప్పుడు ఇరవై కిలోలు తూగుతాడు. పిల్లి మా ఇంటావిడది, దానికి పేరు లేదు, పిలిస్తే పలకదు కాబట్టి అవసరమూ లేదు.

అసలు చెక్క ఎందుకు వద్దో ముందు రెండు ముక్కల్లో చెప్పేస్తాను. చెక్క బతికున్నట్టే ఉంటుంది. గాలిలో తేమ ఉంటే పీలుస్తుంది, లేకుంటే వదిలేస్తుంది. మన ఎండాకాలపు గాలికి ఎండి సందులు విడుస్తుంది, వానలు పడితే ఉబ్బి ఒకదాన్నొకటి తోసుకుంటుంది. చెదల సంగతి సరేసరి. ఇక లామినేట్ అని అమ్మేది, లోపల చెక్కపొట్టు అదిమి చేసిన అట్ట. కుక్క ఒక్కసారి సందులో పోసిందంటే అంచు నానిన శనగలా ఉబ్బుతుంది, మళ్లీ కిందికి దిగదు.

అయితే బండ వేసుకోవచ్చు కదా అంటారు. సీమవాళ్లకు నేలంటే బండే. నేను పుట్టిన ఊరు బేతంచెర్లకు దగ్గర. అక్కడ గునపం వేసి లేపితే రాయి పలకలు పలకలుగా లేస్తుంది, అట్టు మీద అట్టు పేర్చినట్టు. ఎర్రగుంట్ల, తాడిపత్రి వైపు నల్ల బండ, బేతంచెర్లలో రకరకాల రంగులు. ఇదంతా ఒకప్పటి సముద్రపు అడుగు. భూమి మీద డైనోసార్లు పుట్టకముందు, చెట్లూ గడ్డీ మొలవకముందు, ఇక్కడ లోతులేని సముద్రం ఉండేది. దాని అడుగున సున్నపు బురద పొరపొరగా పేరుకుని రాయైంది. ఇప్పుడు మేస్త్రి ఉలి దిగేది ఆ పొరకూ ఈ పొరకూ మధ్య సందులోనే. నెలవంక ఆకారంలో దాదాపు 44 వేల చదరపు కిలోమీటర్లున్న ఈ కడప రాతి పళ్లెం మీద విలియం కింగ్ అనే ఆయన 1872లోనే జియలాజికల్ సర్వే కోసం పెద్ద గ్రంథం రాశాడు. మనం దాని మీద చాప వేసుకుని పడుకున్నాం, అంతే తేడా.

కానీ ఈ బండకు ఒక బలహీనత ఉంది, అది సున్నపురాయి కావడమే. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో వంటింటి నల్లబండ మీద సగం పిండిన నిమ్మచెక్క మరిచిపోయి పడుకున్నాను. తెల్లారి చూస్తే బండ మీద నిమ్మచెక్క అంత గుండ్రంగా బూడిదరంగు మచ్చ. మా అమ్మ ఎంత తోమినా పోలేదు. పోదు, ఎందుకంటే అది అంటుకున్న మరక కాదు, కరిగిపోయిన గుంట. పులుపు తగిలితే సున్నపురాయి బొగ్గుపులుసు గాలిని బుడగలుగా వదిలేసి కరుగుతుంది. నిమ్మకాయ ఒక్క రాత్రిలో చేసిన పనిని, కాస్తంత పులుపెక్కిన వాననీళ్లు లక్షల ఏళ్లు చేస్తే కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలయ్యాయి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ రికార్డుకెక్కించిన ఆ గుహల పొడవు 3,229 మీటర్లు. కుక్క మూత్రంలోనూ కొంచెం పులుపు ఉంటుంది. మెరుగు పట్టిన నల్లబండ మీద రోజూ ఒకే మూల పోస్తే కొన్నాళ్లకు అక్కడ మెరుగు చచ్చిపోతుంది. కాబట్టి వరండాకూ పెరటికీ బండే మేలు, హాలుకు టైల్ అన్నాను. అల్లుని ముఖం విప్పారింది.

షాపులో కుర్రోడు హుషారుగా జేబులోంచి తాళంచెవి తీసి నున్నటి టైల్ మీద కసకసా గీకాడు. "చూడండి సార్, గీతే లేదు! మీ కుక్క గోళ్లు దీన్నేం చేస్తాయి?" నాకు నవ్వొచ్చింది. మోస్ అనే జర్మన్ ఆయన 1812లో ఖనిజాల గట్టితనానికి ఒకటి నుంచి పది దాకా మెట్లు కట్టాడు. గోరు రెండున్నర. కుక్క గోరూ అదే కెరటిన్, అదే మెట్టు. ఇత్తడి తాళంచెవి మూడు చిల్లర. టైల్ పైపూత ఆరు దరిదాపుల్లో ఉంటుంది. మూడు వచ్చి ఆరును గీకడమేంటి? గీకేది వేరే ఉంది. నేను ఇంటి నుంచి పొట్లం కట్టుకుని వచ్చాను, బుడ్డోడు రోజూ పొద్దున తిరిగొచ్చే హంద్రీ ఒడ్డు ఇసుక. అందులో మెరిసే రేణువు క్వార్ట్జ్, ఏడో మెట్టు. చిటికెడు టైల్ మీద వేసి చెప్పుతో నాలుగుసార్లు రుద్దాను. ట్యూబులైటు వెలుగు ఏటవాలుగా పడేట్టు వంచి చూస్తే అద్దంలాంటి నున్న టైల్ మీద సన్నని వెంట్రుకల్లాంటి గీతలు. మెరుపు లేని మ్యాట్ టైల్ మీద అదే పని చేస్తే గీతలు కంటికి ఆనలేదు. కుర్రోడు పొట్లం వంక అనుమానంగా చూశాడు.

కాబట్టి కుక్కున్న ఇంటికి గోళ్ల భయం కాదు, పాదాల ఇసుక భయం. గుమ్మం దగ్గర గరుకు పట్ట వేస్తే సగం భయం తీరుతుంది. ఇవి చిన్న సంగతులు. అసలు సంగతి జారుడు.

ఇప్పుడుండే అద్దె ఇంట్లో తళతళలాడే తెల్ల టైల్స్. సాయంత్రం గేటు బయట ఆటో ఆగిందంటే బుడ్డోడు లేచి ఉరుకుతాడు. ముందుకాళ్లు తలుపు వైపు, వెనక కాళ్లు వంటింటి వైపు. గోళ్లు టకటకటక, మనిషి మాత్రం ఉన్నచోటే. తర్వాత ఒక్కసారిగా జారి తలుపుకు ఢీ. మనవరాలు పడీపడీ నవ్వుతుంది. నేను నవ్వను. ఒకసారి వాని పాదాన్ని ఒళ్లో పెట్టుకుని చూపించాను. అడుగున నల్లటి మెత్తలు, సైకిల్ టైరులా గరుకుగా. నేలను పట్టేది అవే. గోళ్లు మట్టిలో దిగడానికి పుట్టినవి. కాలు జారినప్పుడు కుక్కకు తెలిసిన ఉపాయం ఒక్కటే, వేళ్లు ముడిచి గోళ్లు దించడం. మట్టిలో అది పనికొస్తుంది. టైల్ మీద గోరు దిగదు, పైగా బరువంతా గోటిమొన మీదికి పోయి మెత్త నేల నుంచి లేస్తుంది. పట్టుకోవాలని చూసేకొద్దీ పట్టు తప్పుతుంది. మెత్తల మధ్య వెంట్రుకలు పెరిగితే ఇంకా అన్యాయం, నేల మీద మేజోళ్లు తొడుక్కుని నడిచినట్టే. కుర్ర కుక్కకు ఇది ఆట. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటి బరువు జాతులకు తుంటి కీలు పెరిగేకొద్దీ వదులయ్యే జబ్బు ఎక్కువ, వాటికీ ముసలి కుక్కలకీ ఇది రోజూ జరిగే దెబ్బ. నా మోకాళ్ల సంగతి వేరే చెప్పాలా? మా నాయన ఎద్దుల కొట్టంలో ఎన్నడూ మెరుగు బండ వేయించలేదు, పగలదీసిన గరుకు బండే పరిచాడు. ఎద్దు కాలు విరిగితే ఆ యేటి సేద్యం పోయినట్టే.

జారుడును కొలవడానికి జర్మనీవాళ్ల పద్ధతి ఒకటుంది, వింటే తమాషాగా ఉంటుంది. టైల్స్ పరిచిన బల్ల మీద నూనె పోస్తారు. బూట్లు తొడిగిన మనిషి దాని మీద ముందుకూ వెనక్కూ నడుస్తుంటాడు. బల్లను మెల్లగా వంచుతూ పోతారు. మనిషి ఏ కోణంలో జారాడో అదే లెక్క. ఆరు నుంచి పది డిగ్రీలలోపు జారిపోతే ఆర్9, పది నుంచి పందొమ్మిది దాకా నిలిస్తే ఆర్10, పందొమ్మిది నుంచి ఇరవై ఏడు దాకా అయితే ఆర్11. హాలుకూ పడగ్గదులకూ ఆర్10 చాలు. బట్టలుతికే చోటికి, బుడ్డోనికి నీళ్లు పోసే చోటికి ఆర్11. ఇల్లంతా ఆర్11 వేస్తే మాత్రం తుడిచే గుడ్డ చిరుగుతుంది, తుడిచే మనిషి మానేస్తుంది. పెట్టె మీద ఆ అంకె లేదంటే నాలాగ చెయ్యండి. కుర్రోణ్ణి గ్లాసు నీళ్లడిగి, తాగకుండా టైల్ మీద పోసి, చెప్పులిడిచి నిలబడి మడమతో తోసి చూశాను. "పెద్దాయనా, పడతారు!" అని వాడు పరిగెత్తుకొచ్చాడు. పడే టైల్ ఏదో నాకు తెలిసింది కదా.

ఇక చెక్క రంగు సంగతి. గుజరాత్‌లో మోర్బీ అని టైల్స్ ఊరు ఉంది, మన దేశంలో సగం ఇళ్ల నేల అక్కడి బట్టీల నుంచే వస్తుందేమో అనిపిస్తుంది. మట్టిపొడిని అదిమి పలక చేసి, దాని మీద ఇంకుజెట్ యంత్రంతో చెక్క బొమ్మను అచ్చు వేసి, 1,200 డిగ్రీల దరిదాపు వేడిలో కాలుస్తారు. అంటే మనం కొనేది చెక్క ఫొటో. ఫొటోలు ఎన్ని రకాలున్నాయో అడగాలి. మనవరాలు షాపులో పరిచిన నేల మీద కూచుని కనిపెట్టింది, గుండ్రటి ముడి ఒకటి, పక్కన చిన్న చీలిక, మళ్లీ నాలుగో పలకలో అదే ముడి, అదే చీలిక. "ఒకే చెట్టు ఎన్నిసార్లు కొట్టినారు తాతా?" అంది. ఫొటోలు ఎక్కువున్న రకం తీసుకుంటే కన్ను మోసపోతుంది. నార గీతలు మరీ లోతుగా చెక్కిన రకం వద్దు. మన బోరునీళ్లలో సున్నం ఎక్కువ, తుడిచినప్పుడల్లా ఆ గాడుల్లో తెల్లగా పేరుకుంటుంది, బుడ్డోని వెంట్రుకలూ అక్కడే ఇరుక్కుంటాయి. లేత గోధుమ రంగులో, మచ్చలూ నీడలూ కలిసినది అయితే నల్లరేగడి అడుగులు, రాలిన బొచ్చు ఒక పూట వరకు కనపడవు. ఎవరైనా చుట్టాలు చెప్పాపెట్టకుండా వస్తే ఆ ఒక్క పూట చాలా విలువైనది.

పొడుగు పలకలకు ఒక గుట్టు ఉంది. నాలుగడుగుల పలక బట్టీలోంచి వచ్చేటప్పుడు మధ్యలో కొంచెం విల్లులా వంగుతుంది. రెండు పలకలను ముఖానికి ముఖం పెట్టి అంచు వైపు నుంచి చూడండి, కొనల దగ్గర సందులోంచి వెలుగు కనిపిస్తుంది. రూపాయి బిళ్ల దూరేంత సందుంటే ఆ పెట్టె వెనక్కి ఇచ్చేయండి. కొంచెం వంపు అన్నింటిలోనూ ఉంటుంది. మేస్త్రి ఇటుకలు పేర్చినట్టు సగానికి సగం జరిపి వేశాడంటే ఒకదాని ఉబ్బు పక్కదాని కొనకు ఆనుకుని మెట్టు లేస్తుంది. కాలివేలికి తగిలేది అదే. మూడో వంతుకు మించి జరపొద్దని ముందే చెప్పాలి. మా మేస్త్రి వినలేదు మొదట. "సగం జరిపితేనే అందం సార్" అన్నాడు. రెండు పలకలు నేల మీద పెట్టి రసమట్టం వాని చేతికే ఇచ్చాను.

సందుల మాట. టైల్ నీళ్లు తాగదు, మంచి విట్రిఫైడ్ రకం తన బరువులో అర శాతం కూడా పీల్చదు. సందులో నింపే సిమెంటు గ్రౌట్ మాత్రం స్పాంజిలాంటిది. బుడ్డోడు చిన్నప్పుడు ఒకే మూలకు పదేపదే ఎందుకు పోయేవాడో ఇప్పుడు చెబుతాను. మూత్రంలో యూరియా ఉంటుంది. సందులో ఇంకిన యూరియాను సూక్ష్మజీవులు విరగ్గొట్టి అమ్మోనియా చేస్తాయి, అదే ముక్కు పగిలే వాసన. మనం తుడిచి వాసన పోయిందనుకుంటాం. వాని ముక్కుకు మాత్రం ఆ సందులో బోర్డు పెట్టినట్టే ఉంటుంది. అమ్మోనియా ఉండే క్లీనర్‌తో తుడిస్తే ఇంకో బోర్డు మనమే పెట్టినట్టు. అందుకే సందు రెండు మూడు మిల్లీమీటర్లే ఉంచి ఎపాక్సీ గ్రౌట్ నింపమన్నాను. ఖరీదు ఎక్కువే, గట్టిపడకముందే తుడవకపోతే టైల్ మీద శాశ్వతంగా ఉండిపోతుంది కూడా, కానీ అది తాగదు. పిల్లి ఉన్న ఇంట్లో ఫినాయిలు వాడొద్దు. ఆ జాతి రసాయనాన్ని విరగ్గొట్టే శక్తి పిల్లి కాలేయానికి బాగా తక్కువ. నేల మీద నడిచి పాదాలు నాక్కుంటుంది కదా. మరక మీద బ్లీచింగ్ పోయడం కూడా వద్దు, అమ్మోనియాతో కలిస్తే గొంతు పట్టే విషవాయువు లేస్తుంది.

"మరి చెక్క బొమ్మ టైల్ చెక్కలాగ వెచ్చగా ఉంటుందా?" అని అల్లుడు అడిగాడు. ఉండదు, అదే మన అదృష్టం. పొద్దున్నే స్టీలు చెంబునూ, పక్కనే ఉన్న చెక్క పీటనూ ముట్టుకుంటే రెండూ ఒకే వేడిలో ఉన్నా చెంబు చల్లగా తోస్తుంది, చేతిలోని వేడిని గబగబా లాక్కుంటుంది కాబట్టి. టైల్ చెంబంత కాకపోయినా పీట కంటే చాలా త్వరగా లాగుతుంది. మే నెలలో బుడ్డోడు బొచ్చు పల్చగా ఉండే పొట్టను నేలకు ఆనించి, వెనక కాళ్లు కప్పలా చాపి పడుకునేది అందుకే. వాని ఒంటి వేడి 101, 102 ఫారెన్‌హీట్. మన అరికాలికి వెచ్చగా తోచే నేల కూడా వాని పొట్టకు ఇంకా చల్లనే.

చివరికి లేత గోధుమ రంగు, ఆర్10, మ్యాట్ అని తేల్చాం. లెక్క కట్టిన దాని మీద రెండు పెట్టెలు ఎక్కువ తెమ్మన్నాను. అన్ని పెట్టెల మీదా బ్యాచ్ నంబరూ షేడ్ నంబరూ ఒకటేనా అని మనవరాలు ఒక్కొక్కటే చదివి చూసింది, బట్టీ మారితే రంగు మారుతుంది. ఒక పెట్టె వేరే నంబరుది వచ్చింది, మార్చుకున్నాం. మిగిలిన రెండు పెట్టెలు మెట్ల కింద పెట్టించి, ఆ నంబరును కరెంటు మీటరు డబ్బా తలుపు లోపలి వైపు మార్కర్‌తో రాయించాను.