ఎడమెరుగని ఊయెల

డోర్నకలు నుండి భద్రాచలం రోడ్డునకు పోవు రైలుమార్గములో కారేపల్లి ఒక కూడలి. ఇచ్చటనే ఇల్లెందువైపు శాఖ చీలిపోవును. బొగ్గు గనులకు పేరిచ్చిన సింగరేణి గ్రామము ఈ ప్రాంతములోనిదే. ఒకవైపు ఖమ్మము మిరపచేలు, పత్తిచేలు. మరియొకవైపు భద్రాచలము దిక్కుగా పోయే అడవి. వేసవి వచ్చెనన్న తునికాకు కోతకు స్త్రీలు తెల్లవారకముందే అడవిదారి పట్టుదురు. బడిపంతులమ్మ, పట్టణములోని దుకాణమునకు పోయే గుమస్తా, మిరపకాయలు ఏరే కూలీ, ఈ మువ్వురును ఒకే బస్సు కొరకు నిలువబడు ఊరిది.

కాన్పు స్త్రీకి పునర్జన్మ అని పెద్దలందురు. ఆ పునర్జన్మ ఏడాది తిరుగకముందే రెండవసారి ఎదురైనచో ఆమె గతి యేమి? పెద్దబిడ్డ ఇంకను గడప దాటలేదు, పాలు మరువలేదు. ఇంతలో తల్లి మరల నెల తప్పినది. ఇంటిలో పెద్దలు ముక్కున వేలు వేసికొందురు. పనిచేయు చోట యజమాని, "మొన్ననే కదా సెలవు తీసికొన్నావు, మరల ఎక్కడి సెలవు?" అని ప్రశ్నించును. ఆ ప్రశ్నకు సమాధానము తెలియక, తనకున్న హక్కును తానే వదలుకొని, ఉద్యోగమునకు రాజీనామా ఇచ్చిన స్త్రీలు ఎందరో! కనుక ఈ సమాధానము తెలిసికొనుట అవసరము.

ఈ హక్కు ఒక్కనాటిలో వచ్చినది కాదు. 1919లో వాషింగ్టనులో జరిగిన అంతర్జాతీయ కార్మిక సంస్థ ప్రథమ సమావేశము, ప్రసవమునకు ముందు వెనుకల పండ్రెండు వారముల విశ్రాంతి ఉండవలెనని ఒడంబడిక చేసినది. 1924లో ఎన్. ఎం. జోషీ కేంద్ర శాసనసభలో ప్రసూతి సహాయపు బిల్లును ప్రవేశపెట్టగా అది నెగ్గలేదు. బొంబాయి శాసనమండలిలో అట్టి బిల్లును 1928లో డాక్టరు అంబేద్కరు సమర్థించినారు. 1929లో అది చట్టమైనది. గనులలోని స్త్రీల కొరకు 1941లో వేరొక చట్టము ఏర్పడినది. స్వాతంత్ర్యానంతరము 1961లో వచ్చిన ప్రసూతి ప్రయోజన చట్టము దేశమునకంతకు ఒక కొలమానమైనది. అప్పుడు సెలవు పండ్రెండు వారములు. 2017 సవరణతో ఇరువదియారు వారములైనది. 2020లో పార్లమెంటు ఆమోదించిన సామాజిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చి ఆ చట్టము స్థానమును ఆక్రమించినది. ముఖ్యమైన నియమములు మాత్రము మారలేదు.

ఇచ్చట రెండు విషయములను వేరుచేసి చూడవలెను. ఒకటి బిడ్డల సంఖ్య. రెండవది కాన్పుల నడుమ ఎడము. చట్టము మొదటిదానిని లెక్కించును, రెండవదానిని లెక్కించదు. జీవించియున్న బిడ్డలు ఇద్దరికంటె తక్కువగా ఉన్న తల్లికి ఇరువదియారు వారములు. అందులో ప్రసవమునకు ముందు ఎనిమిది వారములకు మించరాదు. ఇద్దరు లేక అంతకు మించి బిడ్డలున్న తల్లికి పండ్రెండు వారములు. అందులో ముందు ఆరు. మొదటి బిడ్డకు, రెండవ బిడ్డకు నడుమ ఇన్ని నెలలు గడువవలెనని ఎక్కడను లేదు.

అయినను ఉత్తరప్రదేశ ప్రభుత్వ నియమావళిలో ఒక నిబంధన ఉండెడిది. మొదటి ప్రసూతి సెలవు ముగిసిన రెండు సంవత్సరములలోపల రెండవ సెలవు ఇయ్యరాదని దాని సారాంశము. దానిని చూపి అధికారులు సెలవు నిరాకరింపగా, ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయినులు అలహాబాదు హైకోర్టునకు పోయినారు. పార్లమెంటు చేసిన చట్టములో లేని ఎడమును నియమావళి విధింపజాలదని ఆ న్యాయస్థానము పలు తీర్పులలో స్పష్టము చేసినది. వెంటవెంటనే బిడ్డలను కన్న తల్లులందరికి ఆ ఉపాధ్యాయినుల పట్టుదల మేలు చేసినదనవచ్చును.

ఎడము అడ్డు కాకపోయినను, పనిదినముల లెక్క అడ్డు కావచ్చును. ప్రసవము జరుగునని వైద్యులు చెప్పిన తేదీకి వెనుకటి పండ్రెండు నెలలలో ఆ సంస్థలో కనీసము 80 దినములు పనిచేసి యుండవలెను. 1961లో ఇది 160 దినములుగా ఉండెను. 1988 సవరణతో సగమైనది. లెక్కలు చెప్పు ఉపాధ్యాయులు దీనిని నల్లబల్లపై వేసి చూపవచ్చును. కారేపల్లి నుండి ఖమ్మమునకు పోయి, పదిమందికి తక్కువ కాని పనివారున్న ఒక దుకాణములో, ఇ.ఎస్.ఐ. పథకమునకు వెలుపల పనిచేయు గుమస్తా ఒకామె ఉన్నదనుకొందము. మొదటి బిడ్డ పుట్టిన సరిగా ఏడాదికి రెండవ బిడ్డ పుట్టవలసియున్నది. ఏడాదికి 52 వారములు. మొదటి కాన్పు తరువాతి సెలవు 18 వారములు, రెండవ కాన్పునకు ముందటి సెలవు 8 వారములు తీసివేయగా 26 వారములు మిగిలినవి. వారమునకు ఆరు దినముల చొప్పున 156 దినములు. పండుగలు పోయినను 80కి ఎంతో ఎక్కువ. ఆమె హక్కు చెక్కుచెదరదు.

ఇప్పుడు లెక్కను కొంచెము మార్చి చూడవలెను. బిడ్డను చూచుకొను దిక్కు లేక, మొదటి సెలవు ముగిసిన పిదప ఆమె మరి 17 వారములు జీతము లేని సెలవు పెట్టినది. మిగిలినవి 9 వారములు, అనగా 54 దినములు. హక్కు చేజారినది! వెంటవెంటనే కాన్పులైన స్త్రీకి ప్రమాదము పొంచియున్నది ఇచ్చటనే. జీతము లేని సెలవు అడుగునపుడు ఆనాటి జీతము మాత్రమే పోవునని ఆమె తలచును. రాబోవు సెలవు కూడ దానితో పోవచ్చునని ఎవరును చెప్పరు.

జీతపు లెక్క మరియొక విధముగా నుండును. సెలవు మొదలిడుటకు వెనుకటి మూడు నెలలలో పనిచేసిన దినములకు వచ్చిన వేతనపు సగటును రోజుకూలిగా తీసికొందురు. పనిచేయని దినములు ఆ సగటును తగ్గింపవు. కాని పసిబిడ్డ కొరకని తక్కువ జీతముపై పూటపనికి ఒప్పుకొన్నచో, రెండవ కాన్పు సెలవులో చేతికి వచ్చునది ఆ తగ్గిన జీతమే. ప్రసవమునకు ముందటి కాలపు సొమ్మును గర్భ నిర్ధారణ పత్రము చూపగానే ముందుగా, మిగిలినదానిని శిశువు పుట్టిన రుజువు చూపిన 48 గంటలలోపల ఇయ్యవలెనని విధి. సెలవు కొరకు వ్రాతపూర్వకముగా తెలియజేయుట క్షేమము. ప్రసవ సెలవులో ఉన్న స్త్రీని పనినుండి తొలగించుట నేరము.

ప్రభుత్వ ఉపాధ్యాయినుల సంగతి వేరు. వారికి పనిదినముల లెక్కతో నిమిత్తము లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2010 మే నెలలో ఉత్తర్వు చేసి, పూర్తి జీతముతో 120 దినములుగా ఉన్న సెలవును 180 దినములు చేసినది. కాని అది జీవించియున్న బిడ్డలు ఇద్దరికంటె తక్కువైనవారికే. 2025లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము తన ఉద్యోగినులకు ఆ పరిమితిని తొలగించినది.

ఈ సంఖ్యానియమము ఎట్టి చిక్కులు తెచ్చునో తమిళనాడులోని ఒక ప్రభుత్వ పాఠశాల ఆంగ్లోపాధ్యాయిని వ్యాజ్యము చూపినది. ఉద్యోగములో చేరకముందే ఆమెకు ఇద్దరు బిడ్డలు. విడాకుల తరువాత వారు తండ్రి వద్దనే పెరుగుచున్నారు. ఆమె మరల వివాహమాడి గర్భవతియై సెలవు కోరగా, ఇద్దరు బిడ్డలున్నారని నిరాకరించినారు. 2025 మే 23న సుప్రీంకోర్టు ఆమె పక్షమున తీర్పు చెప్పి, ప్రసూతి సెలవు స్త్రీ ప్రజనన హక్కులలో అంతర్భాగమని పేర్కొన్నది. జనాభాను అదుపు చేయుట, తల్లికి విశ్రాంతి నిచ్చుట ఒకదానికొకటి శత్రువులు కావని ఆ తీర్పు భావము.

వైద్యశాస్త్రము చెప్పునది వేరు మాట. ఒక బిడ్డ పుట్టిన పిదప మరల గర్భము ధరించుటకు కనీసము ఇరువదినాలుగు నెలలు ఆగుట మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. తల్లి రక్తము కూడదీసికొనవలెను. పెద్దబిడ్డ పాలకు కొరత రాకూడదు. కాని ఈ సలహా సలహాగానే ఉండవలెను. ఎడము పాటించని స్త్రీకి సెలవు నిరాకరించినచో శిక్ష పడునది అప్పటికే బలహీనపడిన తల్లికి, ఇంకను పుట్టని శిశువునకు. ఎడము తక్కువైనకొలది విశ్రాంతి అవసరము పెరుగునే కాని తరుగదు.

మరి బస్సు కొరకు నిలిచిన మూడవ స్త్రీ మాటేమి? ఢిల్లీ నగరపాలక సంస్థలో మస్టరు రోలుపై రోజుకూలికి పనిచేసిన స్త్రీలకును ప్రసూతి ప్రయోజనము చెందునని సుప్రీంకోర్టు 2000 మార్చి 8న తీర్పు చెప్పినది. వారికి మస్టరైనను ఉన్నది. మిరపచేనిలో దినమునకొక ఆసామి వద్ద పనిచేయు కూలీకి యజమాని ఎవరు? 80 దినములను లెక్కించు పుస్తకము ఎవరి వద్ద నున్నది? 2013 జాతీయ ఆహార భద్రతా చట్టము గర్భిణులకు 6,000 రూపాయలకు తక్కువ కాని సహాయము చెప్పినది. దాని ననుసరించి వచ్చిన మాతృవందన యోజనలో మొదటి బిడ్డకు 5,000 రూపాయలు. రెండవ బిడ్డ ఆడపిల్ల అయినచో 6,000. ఏడాది తిరుగకముందే మగబిడ్డను కన్న కూలితల్లికి ఆ యోజనలో ఏమియు లేదు. పురిటి మంచము దిగిన కొద్దినాళ్ళకే, చంటిబిడ్డను చెట్టుకొమ్మకు కట్టిన చీర ఉయ్యాలలో వేసి, ఏడాది బిడ్డను దానికి కావలి యుంచి ఆమె చేనిలో వంగును.

కారేపల్లి కూడలిలో రైలుపట్టాలు రెండుగా చీలినట్లే ఈ హక్కును పేరు పుస్తకములో ఉన్నవారికి ఒక దారి, లేనివారికి ఒక దారిగా చీలిపోయినది. పంతులమ్మ తన సెలవు చీటి వ్రాయునపుడు తన తరగతిలోని పిల్లల తల్లులు తలపునకు రాక మానరు. తమ్మునికో చెల్లెలికో కాపలాగా బడి మానిన ఆ పెద్దపిల్ల పేరు పిలిచినపుడు హాజరుపట్టీలో గైరుహాజరు పడుచున్నది. తల్లికి అందని సెలవును ఆ పిల్ల తీసికొన్నది.